కూత ఆగాక మిగిలే గాలి

నేల మీద కర్రపుల్లతో గీసిన గీత. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. యానాం మెట్టకూరులో ఎండ తగ్గాక కుర్రాళ్ళు చెడుగుడుకు దిగితే కావలసిన సరంజామా అంతే. కూతకు వెళ్ళేవాడు గీత దగ్గర ఒక్క క్షణం ఆగి గుండెల నిండా గాలి పీలుస్తాడు. (గాలి వెళ్ళేది గుండెల్లోకి కాదు గానీ, మన భాష అలాగే అంటుంది.) ఆ తర్వాత "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అంటూ అవతలి బరిలోకి దూకుతాడు. ఒకడు కాలు పట్టుకుంటాడు, ఇద్దరు నడుం పడతారు. పట్టుబడ్డవాడు గీత వైపు చెయ్యి చాచి పాకుతుంటాడు. కూత సన్నబడుతుంది, "గుడు… గుడు…" అవుతుంది, చివరికి పెదాలు కదులుతున్నా శబ్దం రాదు. ఔట్.

"ఊపిరి అయిపోయింది పాపం" అంటారు గట్టు మీద కూర్చున్నవాళ్ళు.

అయిపోలేదు. నోట మాట రాని ఆ క్షణంలో కూడా ఆ కుర్రాడి ఊపిరితిత్తుల్లో లీటరుకు కాస్త అటూ ఇటూగా గాలి ఉంటుంది. నడుం పట్టిన ఇద్దరూ బలమంతా పెట్టి నొక్కినా అది బయటికి రాదు. వాడు పుట్టిన రోజున లోపలికి చేరిన నిల్వ అది. గాలి మారుతూ వచ్చింది గానీ, నిల్వ ఒక్కసారీ సున్నా కాలేదు. ఊపిరి గురించి చెప్పేటప్పుడు పీల్చే గాలి, వదిలే గాలి గురించే ఎక్కువగా చెబుతారు. వదలలేని గాలి కథ అంతకన్నా రుచిగా ఉంటుంది.

ముందు యంత్రం సంగతి. ఈ అవయవానికి తెలుగులో పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, పనితీరును బాగా చూసే పెట్టారు. తిత్తి అంటే తోలుసంచి. కమ్మరి కొలిమి దగ్గర ఉండేదీ తిత్తే. కొలిమితిత్తి తనంతట తాను పీల్చదు, ఊదదు. ఎవరో దాన్ని సాగదీస్తే గాలి చొరబడుతుంది, నొక్కితే బయటికి పోతుంది. ఊపిరితిత్తులూ అంతే. తమను తాము సాగదీసుకునే కండరం వాటిలో లేదు. పని చేసేది చుట్టూ ఉన్న కండరాలు. ఛాతీకీ పొట్టకూ నడుమ గొడుగులా పరుచుకున్న ఉదరవితానం కిందికి దిగుతుంది. పక్కటెముకల మధ్య కండరాలు ఎముకలను పైకీ బయటికీ లేపుతాయి. ఛాతీ గది పెద్దదవుతుంది, దానితోపాటు తిత్తి సాగుతుంది, లోపలి పీడనం తగ్గి బయటి గాలి వచ్చి పడుతుంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ మేయో ఒక కొలిమితిత్తి లోపల మరో సంచిని అమర్చి సరిగ్గా ఇదే చూపించాడు. మన భాష ఆ పోలికను పేరులోనే దాచుకుంది.

మామూలు ఊపిరికి ఉదరవితానం దిగేది దాదాపు ఒక సెంటీమీటరు. గట్టిగా పీల్చినప్పుడు 10 సెంటీమీటర్ల దాకా దిగగలదు. పుట్టే పీడన తేడా మరీ చిన్నది. యానాంలా సముద్రానికి దగ్గరున్న ఊళ్ళో మన మీద ఉన్న గాలి బరువు 10 మీటర్ల ఎత్తు నీటికి సమానం. నెమ్మదిగా ఊపిరి పీల్చినప్పుడు తిత్తుల లోపల తగ్గేది ఒక్క సెంటీమీటరు నీటి ఎత్తంత, అంటే సుమారు వెయ్యోవంతు. ఆ మాత్రం తేడాకే అర లీటరు గాలి లోపలికి వచ్చేస్తుంది. అందుకే విశ్రాంతిగా ఉన్న మనిషి ఊపిరి కోసం ఖర్చు పెట్టే శక్తి, మొత్తం ఖర్చులో 5 శాతానికి లోపే.

ఈ లెక్క తెలిస్తే ఒక సినిమా ముచ్చట పోతుంది. శత్రువులు తరుముతుంటే కథానాయకుడు చెరువులోకి దూకి, తామర తూడు నోట్లో పెట్టుకుని అడుగున గంటలకొద్దీ దాక్కుంటాడు. ఒక మీటరు లోతులో ఛాతీ మీద నీళ్ళు మోపే అదనపు పీడనం 100 సెంటీమీటర్ల నీటి ఎత్తు. ఆరోగ్యవంతుడైన మగవాడు ప్రాణం పెట్టి పీల్చినా ఒక్క క్షణం పాటు పుట్టించగలిగేది సుమారు అంతే. గంటలు కాదు కదా, నాలుగు ఊపిర్లు తీసేసరికే కథానాయకుడు పైకి తేలాలి.

ఊపిరితిత్తిని ఛాతీ గోడకు అంటించి ఉంచేది మేకూ కాదు, కుట్టూ కాదు. రెండు పలుచని పొరల మధ్య ఉన్న కాస్త తడి. రెండు అద్దం ముక్కల మధ్య నీటి చుక్క వేసి చూడండి. ఒకదాని మీద ఒకటి జారుతాయి, విడదీయబోతే మాత్రం రావు. తిత్తికి ముడుచుకుపోవాలని ఉంటుంది, ఛాతీ గోడకు విచ్చుకోవాలని ఉంటుంది. తెరిచిన గొడుగులో చువ్వలు బయటికి తోస్తుంటే గుడ్డ లోపలికి లాగుతుంది కదా, ఆ బిగువు లాంటిదే ఇదీ. కత్తిపోటుకో ప్రమాదానికో ఛాతీకి చిల్లు పడి, ఆ పొరల మధ్యకు గాలి దూరితే బిగువు తెగుతుంది. తిత్తి చినిగిన గొడుగు గుడ్డలా ముడుచుకుంటుంది, ఛాతీ గోడ ఆ పక్క కాస్త ఉబ్బుతుంది.

నెమ్మదిగా గాలి వదిలాక, తిరిగి పీల్చే ముందు, ఒక చిన్న విరామం ఉంటుంది. ఆ క్షణంలో ఏ కండరమూ పని చెయ్యదు. చువ్వలూ గుడ్డా సరిసమానంగా లాగుకుంటూ నిలబడతాయి. అప్పుడు లోపల ఉండే గాలి సుమారు 2,300 మిల్లీలీటర్లు. పీల్చినదంతా వదిలేశామనుకుంటున్న సమయంలో లోపల రెండు లీటర్లకు పైగా నిల్వ!

యానాం మనిషికి ఇది చెప్పడం తేలిక. గౌతమి గోదావరి ఇక్కడ పోటూ పాటూ ఉన్న ఏరు. ఎదుర్లంక వంతెన మీద నిలబడి చూస్తే పోటు వేళ నీరు ఎదురెక్కుతుంది, పాటు వేళ దిగిపోతుంది. దిగినా ఏరు ఖాళీ కాదు. పడవలు తేలడానికి చాలినంత నీరు అడుగున ఎప్పుడూ ఉంటుంది. ఇంగ్లీషులో శరీరధర్మ శాస్త్రజ్ఞులు ఒక మామూలు ఊపిరి పరిమాణానికి టైడల్ వాల్యూమ్ అని పేరు పెట్టింది ఈ ఆటుపోట్లను తలచుకునే. పాఠ్యపుస్తకంలో ఆ మాటను బట్టీ పట్టే విద్యార్థికి, ఆ పదం తన ఊరి ఏటి గురించేనని ఎవరైనా చెబితే సగం శ్రమ తగ్గుతుంది.

(పాఠ్యపుస్తకాల ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొకటి. తెలుగు పుస్తకాల్లో ఉచ్ఛ్వాసం అంటే పీల్చడం, నిశ్వాసం అంటే వదలడం. హిందీ పుస్తకాల్లో ఉచ్ఛ్వసన్ అంటే వదలడం. తెలుగు మాధ్యమం నుంచి ఉత్తరాదికి వెళ్ళి తికమకపడేవాళ్ళ తప్పు అందులో లేదు. ఈ అధ్యాయంలో పీల్చడం, వదలడం అనే మాటలే వాడడానికి కారణమూ అదే.)

పోటు గాలి 500 మిల్లీలీటర్లు. నిమిషానికి 12 నుంచి 16 ఊపిర్లు. ఆ అర లీటరులో కూడా 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, వాయునాళం దారిలోనే ఉండిపోయి, రక్తాన్ని తాకకుండా వెనక్కి వస్తాయి. వాయుగోణుల (తిత్తుల్లోని సన్నటి గాలి సంచుల) దాకా చేరేది 350. మామూలుగా పీల్చాక ఇంకా పీల్చుకోగలిగింది 3,000 మిల్లీలీటర్ల దాకా. మామూలుగా వదిలాక బలవంతంగా ఇంకా ఊదేయగలిగింది 1,100. చెడుగుడు కుర్రాడు గీత దగ్గర ఆగి ఆ మొదటి నిల్వను నింపుకుంటాడు, బరిలో రెండో నిల్వను కూడా ఖర్చు పెడతాడు. మూడూ కలిపితే 4,600 మిల్లీలీటర్లు. అది కూతగాడి పెట్టుబడి. పుస్తకాల్లో దాన్నే వైటల్ కెపాసిటీ అంటారు.

ఈ పెట్టుబడిని ఇంట్లోనే కొలవొచ్చు. 5 లీటర్ల నూనె డబ్బా ఒకటి తీసుకుని, లీటరు సీసాతో నీళ్ళు పోస్తూ బయట గీతలు పెట్టాలి. నిండాక మూతిని అరచేత్తో మూసి నీళ్ళ తొట్టిలో బోర్లించాలి. కింది నుంచి ఒక గొట్టం లోపలికి పెట్టి, గుండెల నిండా పీల్చి, ఆపకుండా ఊదాలి. డబ్బాలో నీరు ఎంత దిగితే అంత మీ గాలి. 1846లో లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ ప్రకటించిన స్పైరోమీటరు సూత్రం ఇదే. నీళ్ళలో బోర్లించిన పాత్ర గాలికి పైకి లేస్తుంది. దానితో అతను నావికులు, మల్లులు, పోలీసులు, పెద్దమనుషులు కలిపి రెండు వేలమందికి పైగా ఊదించాడు. మనిషి పొడుగు పెరిగేకొద్దీ ఈ కొలత క్రమంగా పెరుగుతుందనీ, క్షయ రోగుల్లో తగ్గుతుందనీ తేల్చాడు. జీవిత బీమా కంపెనీలకు ఇది పనికొస్తుందని కూడా అతని ఆశ.

డబ్బాలో మూడు లీటర్లే వచ్చిందని మెట్టకూరు మనిషి గాబరా పడనక్కర లేదు. పై అంకెలు ఎక్కువగా యూరప్, అమెరికాల్లోని పడుచు మగవాళ్ళవి. ఆడవాళ్ళలో అవి 20 నుంచి 25 శాతం తక్కువ. అదే పొడుగున్న భారతీయుల్లోనూ సగటు కొలతలు తక్కువగానే వస్తాయి. ఎందుకన్నది తేలని వాదం. మొండెం పొడవు తేడా అని కొందరు, కడుపులో ఉన్నప్పటి నుంచి అందిన తిండి, పీల్చిన పొగ అని కొందరు. ఈ కొలతకు ఒక చెడ్డ చరిత్ర కూడా ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ స్పైరోమీటరు పట్టుకుని, నల్లజాతివారి తిత్తులు పుట్టుకతోనే బలహీనమనీ బానిస చాకిరీ వాళ్ళకు మంచిదనీ రాశాడు. యంత్రం నీటి మట్టాన్ని చూపిస్తుంది. ఆ మట్టం వెనక ఆకలి ఉందో, జాతి ఉందో రాసుకున్నది మనిషే. జాతిని బట్టి అంకెలు సవరించే పద్ధతిని వదిలేయాలని అమెరికా ఊపిరితిత్తుల వైద్యుల సంఘం చెప్పింది 2023లో.

పెట్టుబడి ఉంటే సరిపోదు, పొదుపు రావాలి. మాటకు సెకనుకు 150 మిల్లీలీటర్ల దరిదాపుల్లో గాలి ఖర్చవుతుంది. ఆ లెక్కన నాలుగు లీటర్లకు పాతిక సెకన్లు దాటి కూత సాగాలి. నిండా సాగిన తిత్తి వదిలేస్తే భళ్ళున ముడుచుకుంటుంది. కాబట్టి కూత పెట్టేవాడు, పాట పాడేవాడు మొదట చేసేది గాలిని తొయ్యడం కాదు, పట్టి ఆపడం. పీల్చే కండరాలనే బిగించి ఉంచి మెల్లగా సడలిస్తారు, గాలిపటం దారం వదిలినట్టు. "ఓ పాపా లాలి" చిత్రంలో ఊపిరి తీసుకోనట్టే వినిపించే పాట పాడిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఆ సడలింపులో ఆరితేరినవాడు. అదే మనిషి 2020 ఆగస్టులో కోవిడ్‌తో చెన్నైలో ఆసుపత్రిలో చేరాడు. వెంటిలేటరు, ఆపైన రక్తానికి ఒంటి బయటే ఆక్సిజన్ అందించే ఎక్మో యంత్రం. సెప్టెంబరు 25న కన్నుమూశాడు. యాభై రోజులపాటు ఆయన కోసం ఊపిరి బిగబట్టిన తెలుగువాళ్ళలో చాలామందికి ఎక్మో అనే మాట అప్పుడే తెలిసింది.

ఇక, డబ్బాకు ఎప్పటికీ చిక్కని గాలి. కూత పూర్తిగా ఆగాక మిగిలే ఆ 1,200 మిల్లీలీటర్లను ఊది కొలవలేం. ఊదడానికి రానిదే అది. మరి కొలిచిందెలా? 1800లో హంఫ్రీ డేవీ అనే కుర్ర రసాయన శాస్త్రవేత్త, 21 ఏళ్ళవాడు, తన మీదే ప్రయోగం చేశాడు. గాలంతా వదిలేసి, తెలిసిన పరిమాణంలో హైడ్రోజన్ పీల్చి వదిలి, అది ఎంత పలచబడిందో చూశాడు. మజ్జిగలో ఉప్పు వేసి, రుచిని బట్టి కుండలో ఎంత మజ్జిగ ఉందో చెప్పినట్టు. నేడు హైడ్రోజన్ బదులు హీలియం వాడతారు, అంటుకునే భయం లేదు. సూత్రం మాత్రం డేవీదే.

ఈ గాలి ఎందుకు రాదు? పడుచువాళ్ళలో ఛాతీ పంజరం ఒక హద్దు దాటి నలగదు. వయసు మళ్ళినవాళ్ళలో అంతకన్నా ముందే, నొక్కుడుకు సన్న గొట్టాలు మూసుకుపోయి వెనకున్న గాలి చిక్కుబడుతుంది. అందుకే వయసుతోపాటు ఈ నిల్వ పెరుగుతుంది, పెట్టుబడి తరుగుతుంది.

ఇది వృథా గాలి అనిపిస్తే పొరపాటు. విశ్రాంతి వేళ లోపలున్న 2,300లో ఒక్కో ఊపిరికి కొత్తగా కలిసేది 350, అంటే ఏడో వంతుకు కాస్త పైన. తిత్తి ప్రతిసారీ పూర్తిగా ఖాళీ అయి నిండేదయితే, పీల్చినప్పుడు రక్తానికి ఆక్సిజన్ పండగ, వదిలినప్పుడు పస్తు. నిల్వ ఉంది కాబట్టి రక్తం ఆ తేడాను పట్టించుకోదు. మాట మధ్యలో ఆగినా, మింగినా, తుమ్మినా ఏమీ కాదు.

నిల్వ గాలి అవసరానికి రెండో కారణం నీటి బిగువు. వాయుగోణులు 30 నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో అయిదో వంతు. అన్నిటి లోపలా తడి పొర. బుడగ చిన్నదయ్యేకొద్దీ దాన్ని తెరిచి ఉంచడానికి ఎక్కువ పీడనం కావాలని చెప్పే సూత్రం ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ పేరు మీద ఉంది. యానాం ఫ్రెంచివాళ్ళకూ ఇంగ్లీషువాళ్ళకూ మధ్య చేతులు మారుతున్న రోజుల్లోనే పారిస్‌లో అతను రసాయన శాస్త్రవేత్త లావోయిజేతో కలిసి, గినీపంది ఊపిరీ బొగ్గు మంటా ఒకే జాతి పని అని మంచుగడ్డలు కరిగించి చూపించాడు. అతని సూత్రం ప్రకారం మన వాయుగోణులు చిన్నవి పెద్దవాటిలోకి ఖాళీ అయి కూలిపోవాలి. కూలకుండా కాపాడేది కుంకుడు నురుగు లాంటి ఒక జిడ్డు పూత, సర్ఫాక్టెంట్. అది తల్లి కడుపులో చివరి నెలల్లోనే చాలినంతగా తయారవుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో ఆ పూత చాలక, వదిలిన ప్రతిసారీ తిత్తి అతుక్కుపోతుంది. నిల్వ నిలవదు. ప్రతి ఊపిరీ మొదటి ఊపిరి అంత బరువవుతుంది. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెర్ మీడ్ ఈ లోపాన్ని పట్టుకున్నారు. నాలుగేళ్ళ తర్వాత కూడా అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు పాట్రిక్ ఇదే జబ్బుతో రెండు రోజులకే పోయాడు. 1980లో జపాన్‌లో ఫుజివారా పశువుల తిత్తుల నుంచి తీసిన పూతను పసిబిడ్డల వాయునాళంలో పోసి బతికించాడు.

నిల్వ గాలి విలువ బాగా తెలిసింది మత్తు ఇచ్చే వైద్యులకు. ఈ కథలో హైదరాబాదుకు వాటా ఉంది. 1888లో, మళ్ళీ 1889లో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాదన ఏమిటంటే, క్లోరోఫారంతో ముందు ఆగేది ఊపిరి, ఆ తర్వాతే గుండె. కాబట్టి నాడి పట్టుకుని కూర్చోకుండా ఊపిరిని చూడాలి. రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదివి, ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరిగా పేరుపొందిన రూపాబాయి ఫర్దూన్జీ ఆ పరిశోధనల్లో పాల్గొంది. తీర్పు లారీ వైపే వచ్చింది. సగమే నిజమని 1911లో తేలింది: తేలికపాటి మత్తులో క్లోరోఫారం గుండెను నేరుగా ఆపగలదని ఎ.జి. లెవీ చూపించాడు. అయినా ఊపిరిని చూడమన్న సలహా నిలిచింది. ఊపిరి ఆగితే లోపలి నిల్వలో ఉండే ఆక్సిజన్ మూడు వందల మిల్లీలీటర్ల పైచిలుకు. ఒళ్ళు నిమిషానికి 250 ఖర్చు పెడుతుంది. అంటే నిమిషం దాటితే గండం. అందుకే ఇప్పుడు మత్తుకు ముందు ముఖానికి మాస్కు పెట్టి మూడు నిమిషాలు శుద్ధమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. నిల్వ గాలంతా ఆక్సిజనే అయితే వైద్యుడి చేతికి అయిదారు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, దొరుకుతాయి.

ఉబ్బసంలో అదే నిల్వ మితిమీరుతుంది. ఆ మాటలో ఉబ్బు వినిపిస్తూనే ఉంది. ఆయాసంతో కూర్చున్న మనిషి "గాలి అందట్లేదు" అంటాడు. నిజానికి అతని ఛాతీ గాలితో క్రిక్కిరిసి ఉంటుంది. గొట్టాలు బిగుసుకుని, పీల్చింది వదిలే లోపే మరో ఊపిరి వచ్చిపడుతుంది. నిండిన తిత్తిలోకి కొత్త గాలికి చోటేది? దీన్ని పట్టే కొలత కూడా పారిస్‌లోనే పుట్టింది. ఎంత గాలి అన్నది కాదు, మొదటి సెకనులో ఎంత ఊదగలరో చూడాలని 1947లో రాబర్ట్ టిఫ్నో చెప్పాడు. ఆరోగ్యవంతుడు తన పెట్టుబడిలో ముప్పాతిక భాగం పైగా ఆ సెకనులోనే వదిలేస్తాడు. ఉబ్బసం హెచ్చిన మనిషికి అది సాధ్యం కాదు.

ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఉబ్బసానికి మందుగా మింగించే కొర్రమీను పిల్ల కోసం ఇలాంటివాళ్ళే వేలాదిగా బారులు తీరుతారు. దాని నోట్లో పెట్టే పసుపుపచ్చ ముద్ద గొట్టాలను విప్పుతుందనడానికి పరీక్షలో నెగ్గిన రుజువు లేదు. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు అభ్యంతరం చెబుతూ వచ్చారు, వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది, చేపమందు కాస్తా చేప ప్రసాదమైంది. ఉబ్బసం తనంతట తాను తగ్గుతూ హెచ్చుతూ ఉండే జబ్బు. తగ్గిన నెలలు చేప ఖాతాలో పడతాయి, హెచ్చిన రాత్రులు పథ్యం తప్పిన ఖాతాలో. పీల్చుకునే మందులు కొన్ని నిమిషాల్లో గొట్టాలను విప్పడం మాత్రం టిఫ్నో కొలతతో అక్కడికక్కడే చూడొచ్చు.

పొగతాగే మగవాళ్ళ తిత్తుల గురించి అందరికీ తెలుసు. తెలియంది ఊదుగొట్టం సంగతి. తడి కట్టెలు రాజేయడానికి పొయ్యి ముందు వంగిన ఆడమనిషి, పొట్ట కండరాలు బిగించి, బలవంతంగా ఊదేయగల ఆ నిల్వనంతా గొట్టంలోకి ఊదుతుంది. తర్వాత అంత గాలీ తిరిగి పీల్చుకోవాలి కదా, పొయ్యి ముందే, పొగలోనే. ముప్పై నలభై ఏళ్ళు ఇలా గడిచాక, బీడీ ముట్టని మనిషికి కూడా బీడీ కాల్చేవాడి తిత్తులే రావచ్చు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు వంట సౌకర్యం గురించే ఎక్కువగా మాట్లాడారు. అది ఊపిరితిత్తుల పథకం కూడా.

కూత కుర్రాడి దగ్గరకు వస్తే, పాతిక సెకన్ల లెక్క కాగితం మీదే. బరిలో అంతసేపు సాగదు. పరుగెత్తే కండరాలు బొగ్గుపులుసు వాయువును కుమ్మరిస్తాయి. ఊపిరి పీల్చమని మెదడును పొడిచేది ముఖ్యంగా ఆ వాయువే, ఆక్సిజన్ లేమి కాదు. అందుకే ఆరితేరిన కూతగాళ్ళు కొందరు రెండు పదాల సందున దొంగ ఊపిరి తీస్తారు. చెవి పెట్టి వినే అంపైరు పట్టేస్తాడు.

ఆ కుర్రాడే ఎప్పుడో ఉద్యోగం కోసం వైద్య పరీక్షకు వెళితే, ముక్కుకు క్లిప్పు పెట్టి, నోటికి అట్టగొట్టం ఇచ్చి, "ఊదు, ఊదు, ఇంకా ఊదు, ఆపకు" అని టెక్నీషియన్ కేకలు వేస్తాడు. ఆరు సెకన్లపాటు మొహం ఎర్రబడేదాకా ఊదాలి. యంత్రం కాగితం కక్కుతుంది: మొత్తం ఎంత, మొదటి సెకనులో ఎంత, రెండింటి నిష్పత్తి ఎంత. కూత ఆగాక మిగిలిన గాలికి ఆ కాగితం మీద గడి ఉండదు. దాన్ని కొలవాలంటే పెద్ద ఆసుపత్రిలో హీలియం సిలిండరు దాకానో, గాజు గదిలో కూర్చోబెట్టే యంత్రం దాకానో వెళ్ళాలి.